అవ్వ తోమిన గాజు గొట్టాలు

ఆ రోజుల్లో, అంటే కరీంనగర్‌లో ఎమ్మెస్సీ చదివేటప్పుడు, నా లోకమంతా ఒక ఎంజైమ్. కొవ్వు అణువుకు అతుక్కుని ఉండే ఫాస్ఫేట్‌ను ఊడదీసి పక్కన పెట్టడం దాని ఉద్యోగం. తోటివాళ్ళు సినిమాలకు తిరుగుతుంటే నేను మొలకెత్తిన పల్లీలు రుబ్బి, వడగట్టి, ఆ రసంలో దాన్ని వెతుక్కునేవాణ్ణి. (ఏ అమ్మాయీ నావైపు ఎందుకు చూడలేదో ఇప్పుడు అర్థమవుతోంది.) అది పనిచేసిందో లేదో తెలుసుకోవడం తేలికే. ఊడిన ఫాస్ఫేట్‌కు ఒక మందు కలిపితే నీలం రంగు వస్తుంది. ఎంజైమ్ పోయని గొట్టంలో మాత్రం రంగు రాకూడదు. వస్తే ప్రాజెక్టు పోయినట్టే, దాంతోపాటు డిగ్రీ కూడా.

పరీక్ష దసరా సెలవులు అయిపోగానే పెట్టారు. మాది నేత కుటుంబం. పండుగకు సాంచలకు (మరమగ్గాలను మా వైపు అలాగే అంటారు) పూజ చేయడం ఆనవాయితీ. బాపు, అంటే మా నాన్న, ఫోన్ చేసి, "సాంచకు చేస్తం, బండికి చేస్తం. నీ సదువుకు పనిముట్లు లేవారా? తీస్కరా" అన్నాడు. పరీక్షలో వాడే గాజు గొట్టాలు తీసుకెళ్ళాను. అవ్వ (మా వైపు అమ్మే అవ్వ) ఆ గొట్టాలను చూసి, "గివి కడిగి ఎన్నొద్దులైంది బిడ్డా?" అని బట్టల సబ్బుపొడి పోసి, లోపలికి పుల్ల దూర్చి మరీ తళతళలాడేలా తోమింది. ఎండలో ఆరబెట్టి ఒక్కోదానికీ బొట్టు పెట్టింది. నేను బయలుదేరుతుంటే బాపు, "పరీక్ష అయ్యేదాక వీటిని కడుగకు. పూజ చేసినయి" అన్నాడు. నేను చదివింది సైన్సే కానీ, బాపు మాటకు ఎదురుచెప్పడం ఆ సిలబస్‌లో లేదు.

పరీక్షకు హైదరాబాద్ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. నేను మందు కలపగానే గొట్టాలన్నీ నీలమయ్యాయి. ఎంజైమ్ ఉన్నవీ, లేనివీ అన్నీ. ఆయన ఒకదాన్ని వెలుతురులో పట్టుకుని, "ఇందులో ఏముంది బాబూ?" అన్నారు.

"ఎంజైమ్ లేదు సార్. దాని బదులు నీళ్ళు."

"లేని ఎంజైమే ఇంత బాగా పనిచేస్తుంటే, ఉన్నదానితో మనకేం పని?"

సబ్బుపొడిలో కూడా ఫాస్ఫేట్ ఉంటుందని అప్పుడు గుర్తొచ్చింది. జరిగింది చెప్పాను. ఆయన గొట్టం మీది కుంకుమ బొట్టును చాలాసేపు చూసి, "భోజనం చేసి వస్తాను. ఈలోపు యాసిడ్‌తో కడిగి మళ్ళీ చెయ్యి" అన్నారు. నవ్వలేదు, మహానుభావుడు. రెండోసారి ఎంజైమ్ ఉన్న గొట్టంలో, నీలమని చెబితే తప్ప తెలియనంత నీలం వచ్చింది. ఆయన నీలమేనన్నారు. నేను పాసయ్యాను.

ఇంటికి వెళ్ళే బస్సులో అవ్వను ఏమేం అనాలో వరుసగా సిద్ధం చేసుకున్నాను. అవ్వ గడప దగ్గరే ఎదురొచ్చి, "పాసైనవా? నేను తోమినయి మంచిగ పనిచేసినయా?" అంది. వేళ్ళు ఇంకా సబ్బుకు పగిలి ఉన్నాయి.

"మస్తు పనిచేసినయే అవ్వా. అన్నీ నీలం అయినయి" అన్నాను.

ఇప్పుడు నేను కాలేజీ పిల్లలకు ఆ ఎంజైముల పాఠమే చెబుతున్నాను. ఇంటికి ఎవరొచ్చినా అవ్వ, "వీని డిగ్రీ నేను తోమితెనే వచ్చింది" అంటుంది. నేను తలూపుతాను. బస్సులో దారంతా పళ్ళు కొరుక్కుంటూ వచ్చి, గడప దగ్గర నోరు మెత్తబడిన ఆ కుర్రాడంటే నాకు ఇప్పటికీ ఇష్టం. వాడికి ఎంజైముల గురించి పెద్దగా ఏమీ తెలియదు, పాపం.