వడకట్టిన నీళ్ళ లెక్క

దోమల మందు పొగ గొంతులో పడితే నాకు దగ్గు కన్నా ముందు కోపం వస్తుంది. మొన్న ఏలూరులో మా వీధికి పొగపెట్టడానికి వచ్చినతను తొట్టి మూత తియ్యకుండానే పురుగుల్లేవని రాసుకున్నాడు. మూత తీయించాను. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారండీ అని అడిగాడు. సుభద్రమ్మగారి దగ్గర అన్నాను. ఆవిడ అతనికి తెలియదు. మీకూ తెలియదు కనక రాస్తున్నాను.

పందొమ్మిది వందల ముప్పైల్లో మాట. ఆవిడ తాడేపల్లిగూడెం అమ్మాయి, విశాఖపట్నంలో డాక్టరు చదువుతోంది. మలేరియా మీద పరిశోధన చేస్తున్న ప్రొఫెసరు, కొల్లేటి లంకల నీళ్ళలో పురుగుల్లా ఈదే దోమపిల్లలను లెక్కపెట్టుకు రమ్మని ఆవిడను సెలవుల్లో పంపాడు. ఆవిడ ఎక్కిన తాటిదోనె నాది. నాకప్పుడు ఇరవయ్యేళ్ళు. చేపలు పట్టే ఇంటివాణ్ణని బడిలో కూర్చోనివ్వలేదు. అక్షరాలు పొట్లం కాగితాల మీద కూడబలుక్కున్నాను.

ఆవిడ మా తాగునీటి చెలమల్లో గరిటె ముంచి, తెల్ల పళ్ళెంలో పోసి చూసేది. పద్ధెనిమిది రోజులూ సున్నాలే. ఇంటింటా చలిజ్వరం, నీళ్ళలో మాత్రం పురుగు లేదు. ఆవిడ తల పట్టుకుంటే ఉండబట్టలేక చెప్పేశాను. చదువుకున్న ఆడకూతురు వస్తే మా నీళ్ళలో పురుగు కనబడడం నామోషీ అని, ఆవిడ రాకముందే రోజూ చెలమలన్నీ పాత పంచెతో వడకడుతున్నామని.

ఆవిడ గరిటె కింద పెట్టింది. "తప్పు నాదేనండీ. ఎందుకు లెక్కపెడుతున్నానో మీకు చెప్పనేలేదు" అంది. నన్ను మీరు అన్న మొదటి మనిషి ఆవిడే.

పద్ధెనిమిది రోజుల లెక్కా కొట్టేసి, వడకట్టడం మాన్పించి మళ్ళీ మొదలుపెట్టింది. మలేరియా దోమపిల్ల నీటిమీద అడ్డంగా పడుకుంటుందని, తక్కినవి తలకిందులుగా వేలాడతాయని చూపించింది. సగం చెలమల లెక్క నాకు వదిలేసింది.

ఏలూరు బంగళాలో ప్రొఫెసరు కాగితాలు తిరగేశాడు. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను.

"ఈ దోనెవాడి అంకెలు తీసెయ్యమ్మా. నవ్విపోతారు."

"మొదటి లెక్క తప్పని చెప్పిందే ఆయనండీ. ఆయన అంకెలు తీసేస్తే నావీ తీసెయ్యండి."

"ఇలాగైతే అచ్చులో నీ పేరుండదు."

"వద్దులెండి. లెక్క ఉంచండి."

మరుసటి ఏడాది ఆవిడ ఆ అచ్చుకాగితాలు నాకు పోస్టులో పంపింది. ఇంగ్లీషు రాకపోయినా అంకెలు వచ్చు. వేలు పెట్టి ఒక్కొక్కటీ సరిచూసుకున్నాను. అన్నీ ఉన్నాయి. పైన మాత్రం ప్రొఫెసరు పేరొక్కటే ఉందని పోస్టుమాను చదివి చెప్పాడు. పెన్సిలు తీసి దాని పక్కన ఆవిడ పేరు తెలుగులో రాశాను, అచ్చు కన్నా పెద్ద అక్షరాల్లో. అరవయ్యేళ్ళుగా వెలిసినప్పుడల్లా మళ్ళీ దిద్దుతున్నాను.