జాలరిపేటలో నా ఆడపడుచు వాటా

ఏడాది క్రితం నా ఫోన్లోంచి సోషల్ మీడియా యాప్‌లన్నీ ఖాతాలతో సహా తీసేశాను. పళ్లు తోముకోకముందే ఊళ్లోవాళ్ల ఉప్మాలూ వాళ్ల కుక్కపిల్లల పుట్టినరోజులూ చూడటంతోనే నా పొద్దు గడిచిపోతోందని విసుగొచ్చింది. తీసేశాక ప్రాణం హాయిగా ఉంది, అబద్ధమాడను. కానీ ఒక్క లోటు మాత్రం తీరలేదు. విశాఖ జాలరిపేటలో చేపలమ్మే నా స్నేహితురాలు నీలవేణి రోజూ పొద్దున్నే స్టేటస్ పెట్టేది. వెనక అలల హోరు, గంపలో ఆ రోజు చేపలు, పైన ఆమె గొంతు. గాజువాకలో పుట్టి పెరిగి హైదరాబాద్‌లో ఇరుక్కుపోయిన నాకు ఆ అర నిమిషం చాలు, రోజంతా సముద్రం పక్కనే ఉన్నట్టుండేది. మళ్లీ చేరాలా, దూరంగానే ఉండాలా అని నెలల తరబడి ఊగిసలాడి, ముందు మనిషిని చూసొద్దామని టికెట్ తీసుకున్నాను. ఫోన్ చేయలేదు. చెప్పకుండా వెళ్లి నిలబడితే ఎలా మొహం పెడుతుందో చూడాలని నా సరదా.

హైదరాబాద్ నుంచి సాయంత్రం రైలెక్కితే తెల్లారాక విశాఖలో దిగుతాం, స్లీపర్‌కి నాలుగొందల పైచిలుకు. స్టేషన్ బయట ఆటోవాళ్లు రెండొందల యాభై చెబుతారు, నూట ఎనభైకి దిగొస్తారు. సిరిపురం మీదుగా బీచ్ రోడ్డులోకి దిగేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. "జాలరిపేటలో ఏటుందమ్మా? రీల్సు తీసుకోడానికా?" అని అడిగాడు డ్రైవరు. చుట్టాలింటికి అన్నాను. అద్దంలోంచి నన్ను ఎగాదిగా చూసి, "అయితే నాలుగు సేపలు కొనుక్కోండి. ఫొటోలు తీసుకునీవోల్లే గానీ కొనీవోల్లు తగ్గిపోనారు," అన్నాడు.

చుట్టాలన్నది వట్టి మాట కాదు. నీలవేణీ నేనూ డిగ్రీలో ఒకే బెంచీ. ఆమె భర్త ఎల్లాజీకి తోబుట్టువులు లేరు. ఆడపడుచు లేకుండా పెళ్లేమిటని నన్నే నిలబెట్టారు. గుమ్మానికి అడ్డం నిలబడి, ఒకరి పేరు ఒకరు చెబితేగానీ లోపలికి రానివ్వనని కొత్త దంపతులను సతాయించింది నేనే. ఆ రోజునుంచి నీలవేణికి నేను వదినని, ఎల్లాజీకి చెల్లెల్ని.

ఇసుక పక్కనే గంప ముందు కూర్చుని ఎవరికో చేప కోసిస్తోంది నీలవేణి. తలెత్తి చూసింది. నవ్వలేదు. "ఏటే వదినా, దారి తెలిసిందా?" అని మళ్లీ కత్తిపీట మీదికి వంగింది. నా సరదా అక్కడే చల్లారిపోయింది. ఏం చేయాలో తోచక అటూ ఇటూ చూశాను. ఆమె వెనక నీలం రంగు తెప్ప, ముందు భాగాన పసుపు ఇంకా పూర్తిగా పోలేదు.

"కొత్తదా?" అన్నాను.

"తెలీనట్టు అడుగుతన్నావేటి? కొత్త తెప్పకి పసుపు రాయడానికి ఆడపడుసు వొత్తాదని మద్దేనం దాకా సూసినాం. రమ్మని మూడ్రోజులు స్టేటస్ ఎట్టినాను. ఊరంతా సూసినారు, నీ పేరొక్కటే నేదు. మమ్మల్ని బ్లాక్ సేసీసినావనుకున్నాను."

"నేనసలు అక్కడ లేనే. అన్నీ తీసేసి ఏడాదైంది."

కత్తిపీట మీద చెయ్యి ఆగింది. "తీసీసినావా? మరి సెప్పాలి కదే."

"నువ్వు ఒక్క ఫోన్ చేయొచ్చు కదా."

"ఎవులికీ సెయ్యనేదు. ఇప్పుడు పిలుపంటే స్టేటసే కదా. బొట్టెట్టి పిలవడానికి ఇల్లిల్లూ ఎవులు తిరుగుతారు?"

ఆమె మాటలో తప్పేమీ కనిపించలేదు నాకు. పసుపు ఎవరు రాశారని అడిగాను. ఎదురింటివాళ్ల కోడలట. మొహం కూడా తెలియని ఆ పిల్ల మీద నాకు కుళ్లు పుట్టింది.

మధ్యాహ్నం వాళ్లింట్లోనే భోజనం. నీలవేణి చేపల పులుసు పెట్టింది. ఎల్లాజీ పక్కన కూర్చుని, "ఇంకో ముక్క ఏసుకో సెల్లమ్మా," అంటూనే ఉన్నాడు. తెప్ప సంగతి మాత్రం ఎత్తలేదు, అదే నాకు ఎక్కువ బాధనిపించింది. అన్నం తిన్నాక నీలవేణి అటక మీంచి ఒక మూట దించి నా ఒళ్లో పెట్టింది. ఎండు వంజరం ముక్కలు.

"తొలి వేట సేపలు మా ఇంట్లో అమ్మరు, పంచీత్తాం. ఇది ఆడపడుసు వాటా. కోపమొచ్చి కూరొండీద్దామనుకున్నాను. సెయ్యి రానేదు. ఉప్పేసి ఎండబెట్టినాను," అంది.

నాకు ఏడుపొచ్చింది. నీలవేణీ ఏడ్చింది. తర్వాత నన్ను తెప్ప దగ్గరికి లాక్కెళ్లి, భుజం మీద చెయ్యేసి ఫోన్ ఎత్తి పట్టుకుంది. "ఇదుగో, మా ఆడపడుసు. లేటైనా వొచ్చింది," అని చెప్పి స్టేటస్ పెట్టేసింది.

సాయంత్రం తిరుగు రైల్లో మూట వాసనకి ఎదురు సీటాయన ముక్కు మూసుకుని పై బెర్తుకి మారిపోయాడు. నాకేమీ పట్టలేదు. ఆ వీడియో ఒక్కసారి చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. అనకాపల్లి దాటకముందే యాప్ మళ్లీ వేసుకున్నాను. అది మాత్రం కనపడలేదు. నేను చేరకముందు పెట్టినవి నాకు రావట. నీలవేణికి ఫోన్ చేస్తే, "నాను ఫోన్లో దాసుకోనేదు. పోనీలే, రేపు కొత్తది ఎడతాను," అంది.

మర్నాడు రైలు దిగుతూ నీలవేణి కొత్త స్టేటస్ చూశాను. అదే సముద్రం, అదే తెప్ప, కోసిన చేపలు, ఆమె గొంతు. నేను లేను. చూసినవాళ్లలో నా పేరుంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను గానీ, భుజం మీద చెయ్యి బరువు తెరలోంచి రాదు. వాడాలా వద్దా అన్న నా ఊగిసలాట ఇంకా తీరలేదు. ప్రస్తుతానికి పొద్దున ఒక్క అర నిమిషం ఆ స్టేటస్‌కిచ్చి, ఫోన్ పక్కన పడేస్తున్నాను. ఆదివారం మాత్రం ఫోన్ చేస్తాను. గిరాకీ ఉంటే ఎత్తదు.

జాలరిపేట వెళ్లేవాళ్లు తెప్పలు ఒడ్డుకొచ్చే వేళకి, పొద్దున్నే చేరుకోండి. సోషల్ మీడియా మానేద్దామనుకుంటున్నవాళ్లు నిక్షేపంగా మానేయండి, కానీ యాప్ తీసేసేముందు మీవాళ్లకి తలా ఒక ఫోన్ చేసి, "ఇకమీదట నేనక్కడ ఉండను, పిలవాలంటే ఫోన్ చెయ్యి," అని చెప్పండి. నీలవేణి నా వాటా ఎండబెట్టి దాచింది. ఆ తెప్పకి నేను రాయాల్సిన పసుపు మాత్రం ఎవరూ దాచలేరు, అది వేరే చెయ్యి రాసేసింది.