ఖాళీగా వదిలేసిన జవాబులు

నాకు నోటిదురుసు ఎక్కువ. కోసిగి దగ్గర బడిలో ఏడో తరగతికి తెలుగు చెప్పేటప్పుడు ఆ నోటితో ఒక పిల్లకు చేసిన చేటు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

పేరా చదివి జవాబులు రాసే పరీక్ష పెట్టాను. సెలవుల్లో ఒక కుటుంబం రైలెక్కి సముద్రం చూడబోయిన కథ అది. వాళ్లు ఊరు విడిచి ఎందుకు వెళ్లారన్న ప్రశ్నకు ఆ పిల్ల ‘మిరపకాయలు కోసేకి’ అని రాసింది. నేను దాన్ని పైకి చదివాను. తరగతంతా విరగబడి నవ్వింది. నవ్వినవాళ్లలో సగంమంది అమ్మానాన్నల వెంట గుంటూరు వైపు మిరప కోతకు పోయి వచ్చినవాళ్లే. నేనూ నవ్వాను.

తర్వాత మూడు పరీక్షల్లో పేరు మాత్రం రాసి కాగితం ఖాళీగా ఇచ్చింది. బద్ధకమనుకుని తిట్టాను. చివరికి వాళ్లమ్మను పిలిపించాను. చదువు అబ్బని పిల్లను ఈసారి కోతలకు తీసుకుపోతామందామె. పోతే నెలల తరబడి బడి ఉండదు. ఇంకొక్క పరీక్ష చూడమని బతిమాలాను.

“తప్పు రాస్తే నగుతారంట సార్. ఆ పొద్దు నువ్వు గూడా నగితివంట” అంది.

తల కొట్టేసినట్టయింది. మర్నాడు తరగతిలో, ఆ రోజు నవ్వడం నా తప్పేనని ఒప్పుకున్నాను. అప్పటినుంచి దిద్దిన కాగితం ఎవరిది వాళ్లకే చూపించి, పేరాలో ఏ వాక్యం చూసి ఆ జవాబు రాశారో దాని మీద వేలు పెట్టమనేవాణ్ణి. తరగతిలో మొనగాడినని తిరిగేవాడు కూడా వేలు పెట్టే చోటు దొరక్క బుర్ర గోక్కున్నాడు.

ఆ చివరి పరీక్షలో ఆ పిల్ల రెండు జవాబులు రాసింది. రెండూ తప్పే. నాకు పండగలా అనిపించింది. సాయంత్రం వాళ్లమ్మ వచ్చి గడప దగ్గర నిలబడితే, పిల్లను బల్ల దగ్గరికి పిలిచాను. మొదటి వాక్యం మీద వేలు పెట్టింది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. నాకది మహా కష్టమైన పని. పెదవులు కదుపుతూ చదువుకుంది. వేలు మెల్లగా దిగి నాలుగో వాక్యం దగ్గర ఆగింది.

“ఈడ ఉండాది సార్.”

ఇంతలో గంట కొట్టారు. వాళ్లమ్మ ఇంటికి పోదాం రమ్మంది. ఆ పిల్ల కదల్లేదు.

“ఇంగోటి గూడా తప్పే రాసినానమ్మా. అది గూడా చూసుకోని వస్తా.”

ఆమె కాసేపు కూతుర్ని చూసి గడప మీద కూర్చుంది.

“అట్లయితే నువ్వు ఈడే అవ్వ దగ్గర ఉండు పాపా. మేం కోతలకు పోయొస్తాం.”