చెరకు బండ్ల పక్కన మోటార్ సైకిల్

పంతొమ్మిది వందల అరవైల్లో ఒకసారి, ఒక్కడినే మోటార్ సైకిల్ మీద పాత ఊళ్ళు చూసి రావాలని నిజామాబాద్ నుంచి బయలుదేరాను. బోధన్ దగ్గర ఫ్యాక్టరీకి పోయే చెరకు బండ్లు బారులు తీరి ఉన్నాయి. హారన్ కొట్టగానే ఒక బండాయన కసిరాడు.

"ఇంజన్ బంద్ చెయ్! ఎడ్లు బెదురుతున్నయ్, సూస్తలేవా?"

చేసేదేమీ లేక దిగి తోశాను. చలికాలంలోనూ చెమటలు కారాయి. దాటిన ప్రతి బండి మీది నుంచీ ఒకటే ప్రశ్న: "ఖరాబైందా అన్నా?"

బాగానే ఉంది, ఎడ్ల కోసమే ఆపానని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. చివరికి ఫ్యాక్టరీ గేటు దగ్గర బండి మీదున్న ముసలాయన కూడా అదే అడిగాడు. ఒళ్ళు మండి, "అవును, ఖరాబైంది!" అని అరిచాను.

ఆయన జాలిగా చూసి ఎద్దు వీపు నిమిరాడు.

"గందుకే బిడ్డా, నేను గిసొంటిది కొనలే."