గట్టి బూట్ల కోసం కొల్లేటి దాకా

ఈ ప్రయాణానికి కారణం నా తెలివితేటలే. ఏలూరులో మాది చెప్పుల కొట్టు. మా తాతగారు బట్టలు అమ్మేవారు. నాన్నగారు చెప్పుల్లోకి దిగారు, అందుకు బంధువుల్లో కొందరు ఇప్పటికీ మూతి ముడుస్తారు. ఇరవై రెండేళ్ళుగా ఆ కొట్టులో కూర్చుని రోజుకు పదిసార్లయినా నేననే మాట ఒకటుంది: "ఒక సైజు పెద్దది తీసుకోండమ్మా, పెరిగే పిల్ల కదా." స్కూలు బూట్లకు అది మంచి సలహానే. మా అమ్మాయి మేఘనకు ఫిగర్ స్కేటింగ్ బూట్లు కొన్నప్పుడు కూడా అదే పని చేశాను. రెండు సైజులు పెద్దవి కొని, వేళ్ళ దగ్గర దూది కుక్కి ఇచ్చాను.

మంచు మీద చేసే స్కేటింగ్ కాదు, మా జిల్లాలో ఐసు ఉండేది చేపల పెట్టెల్లోనే. ఇది సిమెంటు నేల మీద నాలుగు చక్రాలతో, తిరుగుతూ గెంతుతూ చేసేది. బూటు మాత్రం మంచు మీద వాళ్ళు వేసుకునే రకమే. చీలమండ పైదాకా దళసరి తోలు, బారెడు లేసులు. ఆ పెద్ద బూటులో పాదం అటూ ఇటూ జారి, ఒక గెంతు దిగేటప్పుడు మేఘన కుడి చీలమండ మెలి తిరిగింది. ఆరు వారాలు కట్టుతో కూర్చుంది. "ఇంకోసారి బెణికితే మానిపించేయాలండి. నెలరోజుల్లో సెలక్షన్స్. కాలికి సరిపోయే బూట్లు లేకుండా నేను పంపను" అని కోచ్ మేడం తేల్చి చెప్పింది. పదకొండేళ్ళ పిల్ల ఆ పూట అన్నం ముట్టలేదు. నా వల్లే అని నాకు తెలుసు, దానికీ తెలుసు. అది పైకి అనకపోవడం మరీ కష్టంగా ఉంది.

తాడేపల్లిగూడెంలో సూర్యారావు మాస్టారని రిటైరైన డ్రిల్ మాస్టారున్నారు, కాలు చూసి బూటు చెప్తారు, పాత జతలు ఎక్కడున్నాయో కూడా ఆయనకే తెలుసు అని తెలిసినవాళ్ళు చెప్పారు. జనవరిలో ఒక ఆదివారం ఉదయం ఏడూ పదికి ఏలూరులో పాసింజరు ఎక్కాం. ఇద్దరికీ టికెట్లు కలిపినా రెండు కాఫీల ఖరీదు లేదు. కిటికీలోంచి పొగమంచు తప్ప ఏమీ కనబడలేదు. భీమడోలు దగ్గర ఎక్కిన ఒక పెద్దావిడ మేఘన సంచిలోంచి తొంగిచూస్తున్న చక్రాలను చూసి, "ఏవమ్మా, ఇవేసుకుని పడిపోవా?" అంది. "పడ్డానండి" అంది మేఘన.

ఎనిమిదింటికి గూడెంలో దిగి, స్టేషన్ ఎదురుగా ఇడ్లీ తిన్నాం. చట్నీ బాగుంది, సాంబారు జోలికి పోకండి. మాస్టారి ఇల్లు ఉల్లిపాయల మార్కెట్టు వెనక. వీధంతా ఉల్లి వాసన. ఆయన మేఘనను పల్చటి మేజోడుతో కాగితం మీద నిలబెట్టి పాదం గీశారు. తర్వాత వాళ్ళ తమ్ముడి ఉల్లిపాయల కాటా మీద ఎక్కించి, "ముప్పై నాలుగు" అని రాసుకున్నారు.

"బరువెందుకండీ?" అన్నాను.

"బూటు గట్టిదనం బరువుని బట్టే చూడాలండి. బరువూ, వేసే గెంతులూను. తేలికపాటి పిల్లకి మరీ గట్టిది తొడిగితే చీలమండ వంగదు, దిగిన దెబ్బంతా మోకాలికి పోద్ది. మెత్తటిది తొడిగితే చీలమండే కూలిపోద్ది. నిలబడితే బొటనవేలు తోలుకి ఆనీ ఆననట్టుండాలి, మోకాలు వంచితే వెనక్కి రావాలి. మడమ మాత్రం లేవకూడదు. ఎదుగుతుందని చోటు వదిలారో, అంతే."

తల దించుకుని విన్నాను. కొత్తవి తెప్పిస్తే ఆరు వారాలట, అవి కాలికి అలవాటు పడటానికి ఇంకో నెలట. సెలక్షన్స్ దాటిపోతాయి. పాతది దొరికితే తప్ప దారి లేదు.

మాస్టారు కాగితం మీద గీత వంక ఇంకోసారి చూసి, "ఒక జత ఉందండి. కొల్లేటి పక్కన, సత్యవతి గారని. అమ్మాయి స్కేటింగ్ చేసేది. ఈ కొలతా, ఈ గట్టిదనమూ సరిగ్గా కుదురుతాయి" అన్నారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఇదివరకు ముగ్గుర్ని పంపానండి. ముగ్గురూ ఉత్త చేతులతో వచ్చారు. బూటు బాలేదా అంటే బాగుందనే అన్నారు."

తొమ్మిదీ నలభైకి గణపవరం బస్సు. మంచు కొంచెం విడింది. వరి మళ్ళు అయిపోయి చెరువులు మొదలయ్యాయి, మధ్యలో సన్నటి గట్లు. గణపవరంలో ఆటో మాట్లాడుకున్నాం. ఇల్లు చెప్పగానే డ్రైవరు, "ఆయ్, మేత గోడౌను ఇల్లండీ. మలుపు దాకా తీసుకెళ్తానండి. అవతల రోడ్డు బాగోదండి" అన్నాడు. మలుపులో దిగి చూస్తే ఆ అవతలి రోడ్డే మేం వచ్చిన రోడ్డు కంటే బాగుంది. అతను తిరిగి వచ్చేదాకా అక్కడే ఆగుతానన్నాడు, దగ్గరికి రమ్మంటే మాత్రం నవ్వి ఊరుకున్నాడు.

పదకొండూ పావు. కుడివైపు చెరువులో ఆక్సిజన్ కోసం పెట్టిన చక్రాలు తిరగడం లేదు. గట్టు మీద బరువైన ముక్కుల పెద్ద పక్షులు బారుగా కూర్చున్నాయి. మేం పక్క నుంచే వెళ్ళినా ఒక్కటీ ఎగరలేదు. మేఘన నా చొక్కా అంచు పట్టుకుంది.

సత్యవతి గారికి నలభై అయిదు దాటి ఉంటాయి. పొడుగ్గా, బలంగా ఉన్నారు. పాదాలు చూడటం నా వృత్తి, ఆవిడవి మగవాళ్ళ తొమ్మిదో నంబరు పాదాలు. మజ్జిగ ఇచ్చి, "మావారు చెరువు మీదకెళ్ళారండి. రామ్మా, గోడౌనులో తొడిగి చూద్దువుగాని" అని మేఘనతో అన్నారు. చేపల మేత నిలవ చేసే గోడౌను అది, ఇప్పుడు ఖాళీ. షట్టరుకు తాళం ఉంది, తాళంచెవి ఆవిడ మెడలో గొలుసుకు ఉంది. లోపల సిమెంటు నేల అద్దంలా ఉంది. గోడౌను వాడక చాలా కాలమైందని ఆవిడే అన్నారు, కాని నేల మీద దుమ్ము లేదు.

తెల్ల బూట్లు, చక్రాలు బిగించి ఉన్నాయి. మాస్టారు చెప్పినట్టే చూశాను. నిలబడితే బొటనవేలు ఆనుతోంది, మోకాలు వంచితే వెనక్కి వస్తోంది. మడమ వెనక వేలు పెట్టి చూస్తే దూరలేదు. చీలమండ దగ్గర రెండు బొటనవేళ్ళతో నొక్కాను. తోలు గట్టిగా ఉంటూనే లొంగుతోంది. ఇంతకన్నా బాగా కుదిరే బూటు నా జీవితంలో ఎవరికీ తొడగలేదు. మనసు మీంచి ఒక పెద్ద బరువు దిగింది.

మేఘన మెల్లగా రెండు చుట్లు తిరిగింది. తర్వాత వేగం పెంచింది. వెనక్కి తిరిగి, ఎడమ కాలి ముందున్న రబ్బరు దిమ్మను నేలకు పొడిచి గాల్లోకి లేచింది. రెండు చుట్లు తిరిగి, కుడికాలి మీద చప్పుడు లేకుండా దిగింది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. అది నా దగ్గరకు వచ్చి లేసులు విప్పమని కాళ్ళు చాపింది.

"నాన్నా, నాకు ఒక చుట్టే వచ్చు. రెండు చుట్లది మేడం ఇంకా నేర్పలేదు."

అప్పుడు బూట్లను చేతిలోకి తీసుకుని కొట్టువాడిలా చూశాను. ఎడమ బూటు రబ్బరు దిమ్మ ఒక వైపు అరిగిపోయింది. కుడి బూటుకు చీలమండ దగ్గర లోతైన మడత. చేత్తో వంచితే పడే మడత కాదు అది. ముప్పై, ముప్పై అయిదు కిలోల పిల్ల కనీసం ఏడాది పాటు దాని మీదకు దిగి ఉండాలి. తోలు విషయంలో నేను పొరబడను, ఆ ఒక్క విషయంలో నాకు గర్వం కూడా ఉంది.

"మీ అమ్మాయి ఇప్పుడు ఏ సైజు వేస్తోందండి?" అన్నాను.

ఆవిడ మమ్మల్ని ఇంట్లోకి తీసుకెళ్ళి బీరువా తెరిచారు. పై అరలో దండ వేసిన ఫోటో, పదేళ్ళ పిల్ల, నవ్వుతోంది. కింది అరలో తెల్ల బూట్లు రెండు జతలు, ఒకదానికంటే ఒకటి పెద్దవి. మేఘన వేసుకున్నవి వాటి పక్కన పెట్టారు.

"హారిక పోయి నాలుగేళ్ళయిందండి. జ్వరం. మూడు రోజులే" అన్నారు ఆవిడ. గొంతులో తడి లేదు. "తర్వాత ఏడాది ఈ జత కొన్నాను. పిచ్చి అనుకోండి. మాస్టారి దగ్గర ఆరా తీసి, ఆ వయసుకి ఎంత సైజో అడిగి, కొత్తవే తెప్పించాను. తర్వాతా అంతే. పెరిగే పిల్ల కదండీ."

అంటే, మేఘన తొడిగిన బూట్లు ఆ పిల్ల పోయాక కొన్నవి.

"మీకు చెప్పుల కొట్టుందని మాస్టారు ఫోనులో చెప్పారండి. అందుకే మీకు ఇవి చూపిస్తున్నాను" అని ఆవిడ పెద్ద జతను నా చేతుల్లో పెట్టారు. "నా కాలికి పట్టవు. మావారు వీటి వంక చూడరు. తాళం నా మెడలోనే ఉంటాది. మధ్యాహ్నం పూట గోడౌనులో చప్పుడు వినిపిస్తాది, రేకులనుకుంటాను. ఇదివరకు వచ్చినవాళ్ళని అడిగితే ఏవీ చెప్పకుండా వెళ్ళిపోయారు. మీరు తోలు తెలిసినోరు. చూసి చెప్పండి. ఇవి ఎవరైనా వాడారా?"

చూశాను. కొన్నది కిందటేడట. కుడి బూటు మడత ఇంకా లోతుగా ఉంది, లోపలి వైపు కాస్త కూలింది కూడా. ఎక్కువ ఎత్తు నుంచి, ఎక్కువ బరువుతో దిగుతున్న బూటు అది. భయపడ్డాను, దాచుకోవడం దేనికి. మేఘనను చంకన వేసుకుని పరిగెత్తాలనిపించింది. వాడలేదని ఒక్క మాట అనేసి బయటపడవచ్చు. కొట్టులో ఇంతకన్నా పెద్ద అబద్ధాలే ఆడాను. కాని ఆవిడ నా మొహం వైపు కాదు, నా చేతుల వైపు చూస్తున్నారు. బూటును నా వేళ్ళు ఎక్కడ తడుముతున్నాయో ఆవిడకు తెలుస్తోంది.

"వాడినవేనండి" అన్నాను. "మీ అమ్మాయి గెంతులు బాగా వేస్తోంది. రెండు చుట్లు వచ్చేశాయి, మూడో దానికి ప్రయత్నిస్తోందేమో. ఈ బూటు తనకి మెత్తబడిపోయింది. ఈసారి ఇంకొంచెం గట్టివి తీసుకోండి. లేకపోతే కాలు బెణుకుతుంది."

ఆవిడ మంచం మీద కూర్చుండిపోయారు. చాలాసేపు ఏడ్చారు. మేఘన వెళ్ళి పక్కన కూర్చుంది. తర్వాత ఆవిడ మొహం తుడుచుకుని, "చిన్నవి మీ అమ్మాయికి తీసుకెళ్ళండి. డబ్బు వద్దు" అన్నారు. వద్దన్నాను. ఇంత లోతు మడత పడిన తోలు ఇంకొకరి చీలమండను కాయదని కారణం చెప్పాను. అది నిజమే. అసలు కారణం ఆవిడకూ తెలుసు, బలవంతం చేయలేదు.

ఒంటిగంటకు మలుపులో ఆటో ఎక్కాం. డ్రైవరు మా ఖాళీ చేతుల వంక ఒకసారి చూసి బండి తీశాడు. కొల్లేటి గట్ల మీదుగా గుండుగొలను దగ్గర హైవే మీద దింపాడు. అక్కడ భోజనం చేశాం, మేఘన పెరుగన్నం మాత్రం తింది. రెండూ నలభైకి ఏలూరు బస్సు దొరికింది, కూర్చోవడానికి చోటు కూడా దొరికింది.

"సెలక్షన్స్ పోయినట్టేనా నాన్నా?" అంది.

"ఈసారికి పోయినట్టేనమ్మా. తప్పు నాది." ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. మాస్టారికి ఫోను చేసి, గీసిన కొలతకే, ముప్పై నాలుగు కిలోలకే కొత్త జత తెప్పించమని చెప్పాను. మేఘన కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది గాని కోపగించుకోలేదు.

అటు వెళ్ళదలచినవారికి చెప్పేదేమంటే, కొల్లేటి దారి అందమైనదే. పక్షులున్నాయి, రోడ్లు బాగున్నాయి, మనుషులు మర్యాదస్తులు. నేను మాత్రం మళ్ళీ వెళ్ళను.

దెందులూరు దాటుతుండగా ఫోను మోగింది. సత్యవతి గారు.

"ఏవండీ, గట్టివంటే ఎంత గట్టివండి? నంబరేదో ఉంటాదట కదా. చెప్తే రాసుకుంటాను."

కొట్టు అలవాటు కొద్దీ నోరు జారింది. "అది బరువుని బట్టి ఉంటుందండి. అమ్మాయి బరువెంత?"

అని నాలుక కరుచుకున్నాను. ఆవిడ మాత్రం, "ఉండండి, కనుక్కుంటాను" అన్నారు. ఫోను పెట్టలేదు. ఆవిడ అడుగులు వినిపించాయి, తర్వాత తాళం, తర్వాత షట్టరు పైకి లేచిన చప్పుడు. సిమెంటు మీద చక్రాలు దొర్లుతున్న చప్పుడు ఒక్క క్షణం వినిపించి ఆగిపోయింది. మేఘన నా మొహంలోకి చూసింది. ఫోను దాని చెవికి దూరంగానే ఉంది, అయినా దానికీ వినిపించింది.

"నలభై ఒకటి అంటోందండి" అన్నారు సత్యవతి గారు.

ఇందాక మాస్టారు ఫోనులో చెప్పిన లెక్క ప్రకారం నలభై ఒక్క కిలోలకు, పెద్ద గెంతులకు సరిపోయే నంబరు చెప్పాను. ఆవిడ రెండుసార్లు అడిగి రాసుకుని, చాలా థాంక్సండి అని పెట్టేశారు. ఏలూరు బస్టాండులో బస్సు ఆగేదాకా మేఘన నా చెయ్యి వదల్లేదు.