కుర్చీలో నడిచిన బెయింత

"మళ్ళీ అదే మాటా! 'ఏదో ఇంట్లోనే తిరుగుతున్నానమ్మా' అని మీరంటారు. మీ వాచీ నాకు వేరే కథ చెబుతోందక్కా!" అంది ఫోనులో దూరిత.

దూరిత ఆసుపత్రి నర్సు. క్యాన్సర్ వైద్యం ముగిసినవాళ్ళ చేతికి అడుగులు లెక్కపెట్టే వాచీ కట్టి, వారం వారం ఫోను చేసి నడిపించడం ఆ పిల్ల పని. ఉత్తర అట్లాంటిక్‌లోని ఫేరో దీవుల్లో ఏ మూల ఊళ్ళో ఎవరు నడిచారో, ఎవరు నడవలేదో, కూర్చున్నచోటే తెలిసిపోతుంది.

"నిజమేనమ్మాయ్. నేను గుమ్మం దాటిందెక్కడ?" అంది బెయింత.

"అయితే ఇంట్లోనే గిరగిరా తిరిగేస్తున్నారన్నమాట! మీ పేరు చెప్పి మిగతావాళ్ళను కేకలేస్తున్నాను తెలుసా? ఇంత బాగా నడుస్తున్నారు కాబట్టి వచ్చే గురువారంతో మీకిక నా పోరు ఉండదు. ఆ వాచీ దక్షిణ దీవిలో ఒకాయనకు పంపాలి. పాపం, మంచమే దిగడం లేదు."

బెయింత సగం జీవితం చేపల ఫ్యాక్టరీలో నిలబడి కాడ్ చేపలు కోసిన మనిషి. పేగులో గడ్డ తీశారు. తర్వాత ఎక్కించిన మందుకు అరికాళ్ళు మొద్దుబారిపోయాయి. చలిగాలి తగిలితే చాలు, కింద నేల ఉందో లేదో తెలియదు. మొగుడు హైని చేపల ఓడ మీద పోయాడంటే నెలల తరబడి రాడు. "నడవండి, నడిస్తే అది తిరగబెట్టే భయం కొంత తగ్గొచ్చు" అన్నాడు డాక్టరు. ఆ ఒక్క మాట పట్టుకుని బతుకుతోంది. కాళ్ళు మొరాయిస్తున్నా వాచీ బాగుందంటోంది కదా, తనకు తెలియకుండా లోపల బలమేదో పుట్టుకొస్తోందని నమ్మింది.

ఆ సాయంత్రం వాడుక ప్రకారం ఆడవాళ్ళంతా ఊలు ఉండలు పట్టుకుని బెయింత ఇంట్లో చేరారు. కబుర్లూ, రూబార్బ్ కేకూ, ఆగని అల్లిక. ఉన్నట్టుండి బెయింత కుడిచేతి వాచీ బుర్రుమంది. సెలైన్ సూదులకు ఎడమచేయి కమిలిపోయి ఉంది, అందుకని దాన్ని కుడిచేతికే కట్టుకుంటుంది.

"ఏమిటి వదినా ఆ గోల?" అంది ఆడపడుచు స్వన్న.

"ఇవాళ్టి నడక పూర్తయిందట. శభాష్ అంటోంది."

"నడకా? కాఫీ పోసుకోడానికైనా లేవలేదు నువ్వు! కప్పు తెచ్చిచ్చింది నేను కాదూ?"

అందరి చూపులూ వాచీ మీదికి మళ్ళాయి. బెయింత చేతులు మాత్రం అల్లుతూనే ఉన్నాయి.

"ఏదీ, అల్లడం ఆపు" అంది స్వన్న. వాచీలో అంకె ఆగింది. "ఇప్పుడు అల్లు." సూది ఆడినప్పుడల్లా అంకె చకచకా పరుగెత్తింది.

ఇల్లు ఎగిరిపోయేలా నవ్వులు! "హైని స్వెటరు అల్లుతూ కోపెన్‌హాగెన్ దాకా నడిచొచ్చిందర్రా ఈవిడ!" అని ఎవరో అన్నారు. బెయింత కూడా నవ్వింది, కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. నవ్వు ఆగింది గానీ నీళ్ళు ఆగలేదు. చటుక్కున లేచి, హైని వానకోటు తగిలించుకుని బయటికి నడిచింది.

గొర్రెల దొడ్డి గోడ దాకా వెళ్ళిందో లేదో కాళ్ళ కింద నేల మాయమైంది. రాళ్ళు పట్టుకుని అలాగే కూలబడింది. వెనకాలే స్వన్న పరుగెత్తుకొచ్చింది.

"లే వదినా, తడిసిపోతున్నావు. ఇంటికి పోదాం."

"ఇంటికెళ్ళి ఏం చెయ్యనే? ఇన్నాళ్ళూ కోలుకుంటున్నాననుకున్నాను. ఆ పిల్ల అంత సంబరపడుతుంటే నిజమేననుకున్నాను. అంతా ఉత్తదే. ఆ మాయదారిది మళ్ళీ వస్తే?"

"రాదులే" అనబోయింది స్వన్న. ఆ మాట ఎవరు చెప్పగలరు?

"నర్సుతో చెప్పెయ్" అంది, వదిన చంక కింద చెయ్యి వేస్తూ.

"నన్ను చూపించే కదే అందర్నీ నడిపిస్తోంది! ముసల్ది మోసం చేసిందనదూ?"

"అననీ. చెప్పకపోతే గురువారంతో ఫోనులూ ఆగిపోతాయి. అప్పుడు నీ కాళ్ళ గొడవ ఎవరు చూస్తారు? నేనా? నాకు తెలిసినవి గొర్రెల కాళ్ళే."

బెయింతకు నవ్వు రాలేదు. అక్కణ్ణించి తన గుమ్మం సముద్రం అవతల ఉన్నట్టు కనిపించింది. స్వన్న భుజం మీద బరువంతా వేసి, ప్రతి అడుగూ కళ్ళతో చూసుకుంటూ వేసి, ఎలాగో ఇల్లు చేరింది.

తెల్లారి దూరిత పనిలోకి రాగానే బెయింతే ఫోను చేస్తుంది. మాట నాన్చదు. "అమ్మాయ్, నేను నడవలేదు. నడవలేకపోతున్నాను. వాచీ ఆ దక్షిణ దీవి ఆయనకే ఇచ్చెయ్, నన్ను మాత్రం వదిలెయ్యకు" అంటుంది.