దేవుడి గది దాటని వృద్ధిరేటు

కోరుట్లలో నేను డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెబుతాను. సాయంత్రం జగిత్యాలకు తిరిగొచ్చి ఇంట్లో కూడా చెబుతాను. అక్కడ ఎవరూ అడగరు, అయినా చెబుతాను.

మొన్న సద్దుల బతుకమ్మకు ఒకరోజు ముందే సిరిసిల్ల నుంచి మా ఆడబిడ్డ వచ్చింది. వాళ్ళకు సాంచలున్నాయి, అంటే మరమగ్గాలు. ఆర్డర్లు లేక కొంతకాలంగా ఆగిపోయాయి. అందరం అన్నం తింటుంటే టీవీలో వార్త వచ్చింది: ప్రపంచ వృద్ధి మందగించిందట, మన దేశం మాత్రం ముందుందట. ఇక నా నోరు ఆగుతుందా?

“చూసినవా? లోకమంత పాకుతున్నది, మనం ఉరుకుతున్నం.”

“ఉరికితే మా సాంచలెందుకు ఆగినయి వదినా? ఎంత జల్ది పెరుగుతున్నమో చెప్తవు గని, ఎంతున్నమో చెప్పవేంది?”

సరైన ప్రశ్న. అందుకే నాకు కోపం వచ్చింది.

“మన వాడకట్టే ప్రపంచమనుకో. నిరుడు మన బతుకమ్మ జానెడు. ఈసారి మూడింతలు పేరుస్త. మూలింటోళ్ళది నిరుటంతనే ఉంటది. ఎవరిది ఎక్కువ పెరిగినట్టు?”

“మూడింతలైతే మూడు జానలు. వాళ్ళది నడుమెత్తు. ఆడోళ్ళు వచ్చి వేగం చూస్తరా, బతుకమ్మను చూస్తరా?”

“అయితే వాళ్ళదాన్ని గూడ దాటిస్త! దాటకపోతే మల్ల బతుకమ్మ దాంక గీ ఇంట్ల దేశం ముచ్చటే తియ్య.”

“మా అన్న బతికిండు,” అంది ఆడబిడ్డ. మా ఆయన ఇంకో ముద్ద ఎక్కువే తిన్నాడు.

పొడుగు కావాలంటే అడుగుభాగం వెడల్పుగా ఉండాలి. ఇంట్లో తాంబాళాలు చాలవని మర్నాడు టెంట్ హౌస్ నుంచి పెళ్ళివంటల గిన్నె మూత తెప్పించాను. ఆడబిడ్డ కంట పడకుండా దేవుడి గదిలో తలుపు దగ్గరగా వేసుకుని పేర్చాను. తంగేడు, గునుగు, బంతి వరుస మీద వరుస లేచాయి. పైన గౌరమ్మను పెట్టేసరికి, కూర్చున్న నా తలను దాటింది. ఏ దేశమూ నా అంత గర్వపడి ఉండదు.

సాయంత్రం ముగ్గురం పట్టి లేపి, తలుపు దగ్గర ఆగిపోయాం. మూత వెడల్పు, తలుపు ఇరుకు. లోపలికి మూత నిలువుగా వచ్చింది. పూలు పేర్చాక దాన్ని నిలువుగా తిప్పి ఎలా తీయాలో నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. మా ఆయన తలుపును చూసి, మూతను చూసి, ఏదో అనబోయి మానేశాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన అలవర్చుకున్న పొదుపు అదొక్కటే.

బయట చప్పట్లు మొదలయ్యాయి.

“పొడుగు మనదే గద! లోపలికొచ్చి చూసుకొమ్మను,” అన్నాను, ఇంకా.

“పెరిగింది నిజమే వదినా. గడప దాటకపోతే ఎవరికి పెరిగినట్టు?” అంటూనే ఆడబిడ్డ కొంగు నడుముకు దోపి పై వరుసలు తీయడం మొదలుపెట్టింది.

రెండు స్టీలు పళ్ళేలలో రెండు బతుకమ్మలు చేసి, చెరొకటి తలకెత్తుకుని పోయాం. మూలింటివాళ్ళ బతుకమ్మ పక్కన పెడితే దాని పిల్లల్లా ఉన్నాయి.

ఆ రోజు నుంచి ఇంట్లో వార్తలొస్తే నేను వంటింట్లోకి పోతాను. ఆడబిడ్డ మాత్రం సిరిసిల్ల నుంచి ఫోన్ చేసి మరీ గిల్లుతుంది.

“ఏం వదినా, లోకమెట్లున్నది?”

“వంటయింది. మీరు తిన్నరా?”

తను నవ్వుతుంటే, ఆ నవ్వు వెనక సాంచల చప్పుడు ఉందేమోనని చెవి ఆనిస్తాను. అడగాలనే ఉంటుంది. కానీ అడిగితే దేశం ముచ్చట తీసినట్టే.